తాతయ్య అడిగిన ఒక్క ఏడాది

తాతయ్య వయసు ముప్పై ఎనిమిది. నాది యాభై. అతను తాతయ్యయితే నేనేమవ్వాలో మా బాస్కెట్‌బాల్ జట్టు కుర్రకుంకల్లో ఒక్కడూ ఆలోచించలేదు. ఇరవై రెండు దాటని వెధవలకి ముప్పై దాటిన ప్రతివాడూ కాటికి కాళ్ళు చాపినవాడే. జీతాలు తీసుకుని ఆడతారు, పేపర్లో ఫొటోలు పడతాయి, మేజోళ్ళు మాత్రం విప్పినచోటే పడేస్తారు.

వాళ్ళ చీలమండలకీ మోకాళ్ళకీ టేపు చుట్టడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళుగా చుడుతున్నాను. తాతయ్య మోకాళ్ళు రెండూ లేచినప్పుడల్లా పాత తలుపుల్లా కిర్రుమనేవి. మ్యాచ్‌లో ఐదు నిమిషాలు ఆడితే గొప్ప. మిగతాసేపు బెంచి మీద పక్కన ఎవడుంటే వాడి చెవి తినేవాడు. "ఆ పొడుగోణ్ణి చూడు, ఎడమ పక్కకి తిరగలేడు. నువ్వెళ్ళగానే వాడి ఎడమకే పోవాలి, సరేనా?" వాడు వెళ్ళేవాడు, ఎడమకే పోయేవాడు, బంతి బుట్టలో పడేది. పేరు మాత్రం వాడికి.

ఇక ప్రాక్టీసులో దొంగ వేషాలు. ఎదుటి పక్షంలో ఉండి, బంతి పట్టుకున్న కుర్రాడి వెనక చేరి, చప్పట్లు కొట్టి, "ఇటు, ఇటు! ఖాళీగా ఉన్నా!" అని అరిచేవాడు. వాడు వెనక్కి చూడకుండా ఇచ్చేసేవాడు. తాతయ్య బంతిని చంకలో పెట్టుకుని, "నీ రుణం తీర్చుకోలేను నాయనా" అని దణ్ణం పెట్టేవాడు.

అందరికంటే ఎక్కువసార్లు మోసపోయింది మేం తూనీగ అని పిలిచే కుర్రాడు. జట్టులో అందరికన్నా వేగం వాడిదే, పొగరూ వాడిదే. "చెవితో కాదురా, కళ్ళతో ఇవ్వాలి" అని తాతయ్య వాడి వెంటపడి నూరిపోశాడు. నీతులన్నీ పక్కవాళ్ళకే! మ్యాచ్‌లో ఆ తూనీగ "తాతయ్యా, ఇటు!" అన్నాడంటే ఈ పెద్దమనిషి కళ్ళు మూసుకుని విసిరేవాడు. రెండేళ్ళు ఆ ఇద్దరూ అలాగే ఆడారు. అట్టడుగున ఉన్న మా జట్టు రెండో స్థానానికి వచ్చింది.

అప్పుడు మా ఓనర్‌కి బుద్ధి గడ్డి తింది. "బెంచి మీద కబుర్లు చెప్పడానికి ఒక మనిషెందుకు?" అని తాతయ్యని తీసేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అతన్ని ఇంకో జట్టు ఒక్క ఏడాదికి తీసుకుంది.

ఆ ఏడాది మా బెంచి నోరు పడిపోయినట్టు ఉండేది. ఓడితే ఒకణ్ణొకడు తిట్టుకోవడం, గెలిస్తే ఎవడి ఫొటో వాడు చూసుకోవడం. మళ్ళీ అడుగుకి జారాం. చివరి మ్యాచ్ గెలిస్తేనే పరువు దక్కేది. ఎదురుగా తాతయ్య జట్టు.

మ్యాచ్‌కి గంట ముందు మా గదిలోకి పిల్లిలా దూరాడు.

"అక్కా, మా వాడు టేపు చుడితే ఊడిపోతోంది. కొంచెం నువ్వు చుట్టవూ?"

"సిగ్గులేదూ? శత్రువువి."

"మోకాలికి శత్రుత్వం తెలీదక్కా." బల్ల మీద కాళ్ళు చాపేశాడు. నేను తలుపు గడియపెట్టి చుట్టాను. చుడుతుంటే గొంతు తగ్గించి అన్నాడు: "ఇవాళ గెలిస్తే ఇంకో ఏడాది ఇస్తామన్నారు. పాపకి ఇప్పుడు నాలుగు. ఈ వయసులో చూసింది దానికేం గుర్తుంటుంది? ఇంకొక్క ఏడాది ఆడితే వాళ్ళ నాన్న ఆట గుర్తుంటుందక్కా. అంతే." మా జట్టు ఓడిపోతే బాగుండునని మొదటిసారి అనుకున్నాను.

ఆఖరికి పది సెకన్లున్నాయి. వాళ్ళు ఒక్క పాయింటు ముందున్నారు. మావాడు వేసిన బంతి బుట్ట అంచుకి తగిలి ఎగిరింది. తాతయ్య ఇద్దరి మధ్యలోంచి లేచి అందుకున్నాడు. పొట్టకి హత్తుకుని నిలబడితే చాలు, ఏడాది చేతిలో ఉన్నట్టే.

వెనక నుంచి కేక. "తాతయ్యా, ఇటు!"

విసిరేశాడు. కళ్ళు మూసుకుని, తూనీగ చేతుల్లోకి. తూనీగే ఒక క్షణం బిత్తరపోయాడు. తర్వాత బుట్టలో వేశాడు. మేం గెలిచాం.

తాతయ్య అలవాటు కొద్దీ మా గదికే వచ్చి నా బల్ల మీద కూలబడ్డాడు. నేను టేపు విప్పుతున్నాను. గుమ్మంలో తూనీగ తల వంచుకుని నిలబడ్డాడు.

"తప్పయిపోయింది తాతయ్యా. నువ్వు ఇస్తావనుకోలేదు."

"రెండేళ్ళు నీ గొంతుకే ఇచ్చానురా. చేతికేం తెలుసు నా చొక్కా రంగు మారిందని?" నవ్వబోయాడు. నవ్వు సగంలో విరిగిపోయింది. తూనీగ వచ్చి అతని పక్కనే కూర్చున్నాడు.

అంతలో పాప వాళ్ళమ్మ చెయ్యి విడిపించుకుని లోపలికి పరిగెత్తుకొచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది.

"నాన్నా, నీ బంతి వాళ్ళకెందుకిచ్చావ్?"

తాతయ్య ఆ పిల్లని చూశాడు, నన్ను చూశాడు.

"అక్కా, ఇది దీనికి గుర్తుంటుందంటావా?"

"జన్మలో మర్చిపోదు," అన్నాను.