ఆఖరి అంకె

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కోరుట్ల బస్టాండు దగ్గర నాకు ఎస్టీడీ బూత్ ఉండేది. నా చదువు మూడో తరగతి. అంకెలు మాత్రం తప్పేవి కావు.

బూత్‌లో రెండు లైన్లు. పల్లెల్లోని ఆడవాళ్లు మొదటి లైనుకు ఫోన్ చేసేవాళ్లు. నేను రెండో లైను మీద దుబాయ్‌కి కొట్టి, కాన్ఫరెన్స్ బటన్ నొక్కితే ఇద్దరి గొంతులూ కలిసేవి. నేను రిసీవర్ పెట్టేస్తే వాళ్లకు కట్ అయిపోతుంది. అందుకే చెవికి ఆనించుకునే కూర్చోవాలి. వాళ్లు అడిగిన మనిషి అవతల ఫోన్ దగ్గరికి వచ్చాకే బటన్ నొక్కడం నా పద్ధతి. ఊరికే కలపడం నాకు గిట్టదు.

గొల్లపల్లి నుంచి లత ప్రతి శుక్రవారం చేసేది. ఆమె భర్త రాజేశం దుబాయ్‌లో మేస్త్రీ. ఒక శుక్రవారం ఆయన ఉండే క్యాంపులో వేరే మనిషి ఫోన్ ఎత్తాడు.

"అమ్మా, రాజేశన్న నిద్రలనే పోయిండు. ఆయన తమ్మునికి చెప్పినం. శవం వచ్చేదాక వదినెకు చెప్పొద్దన్నడు."

మా దిక్కు అదే అలవాటు. శవం ఊరు చేరేదాకా భార్యకు చెప్పరు. మొదటి లైనులో లత కాచుకుని ఉంది.

"లైన్ కలుస్తలేదు బిడ్డా," అన్నాను.

"గట్లనా పెద్దమ్మా. రేపు చేస్త."

మర్నాడు చేసింది. ఆ మర్నాడూ చేసింది. "పిల్లకు పన్ను ఊడింది, నాయినకు చెప్తదట. జర కలుపు," అంది. నాది అదే మాట.

తొమ్మిదో రోజు బస్సెక్కి బూత్‌కే వచ్చింది. నుదుట బొట్టు, జడలో పూలు.

"నా ముంగట కొట్టు పెద్దమ్మా."

కొట్టాను. ఆఖరి అంకె వదిలేశాను.

"కలుస్తలేదు."

"ఆఖరి అంకె ఒత్తలేదు నువ్వు. నాకు సదువు రాదు గని, గా నంబరు నోటికొస్తది."

రిసీవర్ తీసుకుని తనే కొట్టింది. గుచ్చి గుచ్చి అడిగి, అవతలి మనిషి చెప్పిందంతా నిలబడి విన్నది. ఏడవలేదు. రిసీవర్ మెల్లగా పెట్టింది.

"తొమ్మిది దినాల సంది పూలు పెట్టుకుంటున్న. నీకు ఎరికుండి గూడ ఊకున్నవ్."

చెప్పకపోవడాన్ని నేను దయ అనుకున్నాను. నిజానికి ఆమె ఏడుపు వినడానికి భయపడ్డాను.

ఆనాటి నుంచి అవతల మోగగానే బటన్ నొక్కేదాన్ని. ఏడాది తిరగకుండానే చందుర్తి అనే ఊరి నుంచి చేసిన ఒకామెకు అలాంటి కబురే వచ్చింది. ఆమే విన్నది. నేను రిసీవర్ పెడితే కట్ అయిపోతుంది. ఆమె ఏడుపు ఆగేదాకా చెవి దగ్గరి నుంచి తీయలేదు.