మంగమ్మ మెదడుకి నలభై ఏళ్ళు రాసింది నేనే

మా సెంటర్లో ఈ కథ చెప్పేవాళ్ళంతా కంప్యూటర్ తప్పు చెప్పిందనీ, నా కన్ను దాన్ని ఓడించిందనీ చెబుతారు. రెండూ అబద్ధమే. కంప్యూటర్‌కి తప్పు చెప్పింది నేను.

2006లో అమలాపురంలో ఒక స్కానింగ్ సెంటర్లో సీటీ టెక్నీషియన్‌గా ఉన్నాను. మెదడు కుంచించుకుపోవడాన్ని మేం అట్రోఫీ అంటాం. వయసుతో అందరికీ కొంత వస్తుంది. డాక్టరుగారు ఫిల్మును లైటుపెట్టె మీద పెట్టి, మెదడు మడతల మధ్య సందులు చూసి కంటితోనే చెప్పేవారు. ఆ ఏడు ఒక కంపెనీవాళ్ళు ట్రయల్‌కని ఓ ప్రోగ్రాం పెట్టి వెళ్ళారు. అది మెదడు కొలిచి, అంతకుముందు ఎవరెవరి మెదళ్ళో కొలిచి కట్టిన, ఆ వయసువాళ్ళ మామూలు కొలతతో పోల్చి అంకె చెబుతుంది.

దగ్గర్లోని నగరం అనే పల్లెటూరి నుంచి మంగమ్మ వచ్చింది. కువైట్‌లో ఓ ఇంట్లో వంటమనిషి. సెలవుకి వచ్చి బాత్రూములో జారిపడింది. తిరిగొచ్చేటప్పుడు స్కానింగ్ కాగితం తెమ్మన్నాడట యజమాని. పాస్‌పోర్టు జిరాక్సు చూసి నలభై ఏళ్ళని టైపు చేశాను. దెబ్బ లేదు గానీ, ప్రోగ్రాం మాత్రం వయసుకు మించిన అట్రోఫీ అంది. డాక్టరుగారూ అదే చెప్పారు. వెంట వచ్చిన కూతురు, మరిచిపోయి గ్యాసు వదిలేస్తావు, ఇక స్టవ్వు దగ్గరకి రావద్దని తల్లికి అక్కడే చెప్పేసింది.

ఫిల్ము మళ్ళీ చూశాను. యాభై దాటిన మా పెద్దక్క వయసువాళ్ళలో రోజూ చూసే సందులే. మంగమ్మని పక్కకి పిలిచి, మనవలున్నారా అని అడిగాను.

"ఆయ్. తొంభై ఆరు తుపానుకి పెద్దోడు నెలల పిల్లోడండి."

"ముప్పైకే అమ్మమ్మ అయ్యేరా?"

నవ్వేసింది. "పదహారేళ్ళు తగ్గిస్తేగానీ వీసా రాదన్నాడండి ఏజెంటు." వెంటనే గొంతు తగ్గించింది. "నిజం రాస్తే ఉద్యోగం పోద్దండి. రాయకపోతే బుర్ర పోయిందంటారు. ఏది పోగొట్టుకోమంటారు?"

ఫిల్ము తీసుకుని డాక్టరుగారి దగ్గరకి వెళ్ళాను.

"రిపోర్టు చెప్పడం టెక్నీషియన్ పని కాదండి," అన్నారాయన.

"రిపోర్టు మీదే సార్. ఆ నలభై మాత్రం నాది, ఆవిడ అసలు వయసు యాభై ఆరట. నా తప్పు మీద మీరు సంతకం పెట్టకండి."

 ఆయన ఫిల్ము మళ్ళీ లైటుపెట్టె మీద పెట్టి చూసి, యాభై ఆరుకి ఇది మామూలేనన్నారు. కాగితం మీద ఏ వయసు వేయాలని మంగమ్మనే అడిగాను. కూతురి వంక చూసి, యాభై ఆరే వేయమంది.

మంగమ్మ మళ్ళీ కువైట్ వెళ్ళలేదు. కూతురి స్టవ్వూ ముట్టలేదు. అంబాజీపేటలో కొబ్బరి లారీలు ఆగేచోట సొంత స్టవ్వు వెలిగించి టిఫిన్లు మొదలుపెట్టింది.

అప్పటినుంచి నేను వయసు కాగితంలో చూడను, మనవల లెక్క అడుగుతాను. ఆ ప్రోగ్రాం పోయింది, కొత్తవి వచ్చాయి. అమ్మడానికి వచ్చిన ప్రతివాణ్ణీ ఒకటే అడుగుతున్నాను, ఇంతవరకు ఎవరూ చెప్పలేదు: మీరు మామూలంటున్న ఆ మెదళ్ళు ఎవరివండీ, వాటిలో మంగమ్మలాంటి మనిషిది ఒక్కటైనా ఉందా?