పిన్నీసుతో చదివిన పసుపు లైటు

పిలిస్తే పలికే లక్ష్మీనరసింహస్వామికి ముందుగా నమస్కారం. అడిగింది ఇచ్చినప్పుడూ ఇవ్వనప్పుడూ ఆయన దయ ఒకటేనని పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నది నోటికి వచ్చినంత సులువుగా మనసుకు రాదు. అయినా ఆయనకే జయమని చెప్పి మొదలుపెడుతున్నాను.

మా తమ్ముడు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ చుట్టుపక్కల ఇళ్లకు భోజనం పార్సిళ్లు చేరవేస్తాడు. ఆ పని ఇచ్చేది ఫోన్‌లోని ఒక యాప్. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత మోటార్‌సైకిల్. అయితే మరీ పాతకాలంది కాదు, లోపల చిన్న కంప్యూటర్ పెట్టె ఉంటుంది. ఒక శనివారం మధ్యాహ్నం అది అల్మాస్‌గూడలో వాళ్ల ఇంటి ముందే ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. మీటరులో ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు ఆరడం లేదు.

అంతకుముందు వారం తమ్ముడు జ్వరంతో పనికి పోలేదు. ఈ శనివారం సాయంత్రం ఏడింటిలోపైనా లాగిన్ కాకపోతే ఐడీ ఆపేస్తామని యాప్‌లో మెసేజ్ వచ్చి ఉంది. ఐడీ పోతే పని పోయినట్టే. ఇంకొకరి బండి మీద పోదామంటే, లాగిన్ అయ్యేటప్పుడు నంబరు ప్లేటు ఫోటో అడుగుతుంది.

సత్సంగంలో పారాయణం ముగించుకుని నేను వెళ్లేసరికి తమ్ముడు బండి పక్కన నేల మీద కూర్చుని దిల్‌సుఖ్‌నగర్ మెకానిక్‌తో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నాకూ వినపడాలని స్పీకర్ పెట్టాడు.

"గది పాత మోడల్ అన్నా. నా దగ్గరున్న స్కానర్ దానికి తగల్దు. సోమారం షోరూమ్‌కు తోల్కపో," అన్నాడు మెకానిక్.

"సోమారం దాంక నా ఐడీ ఉండాలె గదనే!"

"ఐడీకి నేనేం జేస్తనే? బండికైతే జేస్తగని."

ఫోన్ పెట్టేశాడు.

నాకు యంత్రాలు తెలియవు. ఉన్నదల్లా ఫోన్‌లో వీడియో చూసి తెలుసుకున్నంత. సీటు కింద ఒక చిన్న ప్లగ్గు ఉంటుందట. దానిలోని రెండు పిన్నులను తీగతో కలిపి తాళం తిప్పితే, ఆ పసుపు లైటే మిణుకుతూ తప్పు ఎక్కడుందో చెబుతుందట. పొడుగు మిణుకులు పదులు, పొట్టి మిణుకులు ఒకట్లు. తీగ కోసం వెతుకుతుంటే తమ్ముడి భార్య, నా మరదలు, పుస్తెలతాడుకు గుచ్చుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది.

"జర పైలం బావా, షాక్ గొడ్తదేమో."

పిన్నీసు గుచ్చి తాళం తిప్పాను. లైటు మిణుకుతుంటే బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టాను. జపం అలవాటైన చెయ్యి. కణుపు మీద వేలు పడగానే కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

"అన్నా! కండ్లు మూస్తే లైటెట్ల కనవడ్తదే? అది దేవుడు గాదు, బండి!" అని అరిచాడు తమ్ముడు.

మరదలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజుకు మా నవ్వు అంతే.

మళ్లీ తిప్పాను. రెండు పొడుగు, ఒకటి పొట్టి. ఇరవై ఒకటి. తమ్ముడు ఆ మోడల్ పట్టికను ఫోన్‌లో వెతికి తీశాడు. కంప్యూటరుకూ ఒక సెన్సారుకూ మధ్య వైరు కలవడం లేదని దాని అర్థం. వైరు వెంట తడుముతూ సీటు కింద లోపలికి చెయ్యి పెట్టాను. మెత్తగా ఏదో తగిలింది. బయటికి తీస్తే, ఎర్రగుడ్డలో చుట్టిన నిమ్మకాయ. నల్లగా కుళ్లి చితికిపోయింది. దాని రసం కంప్యూటర్ పెట్టె ప్లగ్గులోకి కారి, పిన్నుల మీద పచ్చగా చిలుం పట్టింది.

వానల్లో తమ్ముడు బండి మీద నుంచి జారిపడ్డాక, మరదలు గుట్ట మీది నరసింహస్వామి గుడికి పోయి స్వామి పాదాల దగ్గర పెట్టించి తెచ్చిన నిమ్మకాయ అది. హ్యాండిల్‌కు కడితే ఎవరైనా తెంపుతారని సీటు కింద పెట్టింది. స్వామి దగ్గరిది కనుక తీసి పారేయాలని ఎవరికీ తోచలేదు.

"నాకేమెరుక బావా, లోపట కంప్యూటర్ ఉంటదని?" అన్నది మరదలు.

"నిన్నెవలన్నరే ఇప్పుడు?" అన్నాడు తమ్ముడు. కానీ ఆమె వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు. "నువ్వు జెప్పు అన్నా. అందరికీ జెప్తవు గద. రక్ష అని వెడితే గిట్లెందుకయితది?"

సత్సంగంలో నలుగురి ముందు గంటసేపు చెప్పగలిగిన నేను, ఇంట్లో పాత టూత్‌బ్రష్ ఉందా అని అడిగాను.

ప్లగ్గు ఊడదీసి, బ్రష్ పెట్రోల్‌లో ముంచి, చిలుం పోయేదాకా రుద్దాము. ఆరబెట్టి, బిగించి, మళ్లీ పిన్నీసు పెట్టాము. ఈసారి ఇరవై ఒకటి రాలేదు. "పోయిందే!" అని తమ్ముడు నా భుజం చరిచాడు. ఆ చెయ్యి తీయకముందే లైటు మళ్లీ మిణికింది. మూడు పొడుగు, మూడు పొట్టి. పట్టికలో చూస్తే, చెడింది ఆ కంప్యూటర్ పెట్టే. మెకానిక్‌కు మళ్లీ ఫోన్ చేశాము.

"పెట్టె మార్వాలె అన్నా. గా మోడల్‌ది కొత్తది ఒస్తలేదు. పాత బండ్లు ఇప్పేటోళ్ల దగ్గర దొరికితే నీ నసీబు."

అయినా తమ్ముడు సెల్ఫ్ నొక్కుతూనే ఉన్నాడు, బ్యాటరీ నీరసపడేదాకా. నేను పక్కన నిలబడి నామం చెప్పుకుంటున్నాను. చేయగలిగింది ఇంకేమీ లేదు. ఏడు దాటింది. ఐడీ ఆపామని, కారణం రాసి పంపితే చూస్తామని యాప్‌లో వచ్చింది. అతను బండి ఖరాబైందని రాయడం మొదలుపెట్టాడు.

"నిమ్మకాయ సంగతి రాయకుర్రి," అన్నది మరదలు మెల్లగా.

అతను రాయలేదు.

నేను ఇది రాసేనాటికి జవాబు రాలేదు. తమ్ముడు తుర్కయంజాల్‌లో ఒక గోదాములో, పని దొరికిన రోజున మూటలు మోస్తున్నాడు. పొద్దున లేవగానే ఫోన్ చూస్తాడు. మరదలు దీపం పెడుతుంది గానీ, ఏదీ అడగడం మానేసింది. ఆమె అడిగి తెచ్చుకున్నదాని వల్లే ఇదంతా అయిందని ఆమె మనసులో పడిపోయింది. కాదని చెప్పడానికి నేను నేర్చుకున్నదంతా చాలడం లేదు.

అందుకే చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. ఎవరిని కొలిచేవారైనా సరే, ఒక్క నిమిషం ఆగి నాతో పాటు అనండి: స్వామీ, అతని పని అతనికి ఇప్పించు. ఆమె భయపడకుండా మళ్లీ నిన్ను అడిగేలా చెయ్యి. మాకు చేతనైంది అయిపోయింది తండ్రీ, ఇక నువ్వే చూసుకో.