అదే ఇంజిను

కాలిన ఇంజినాయిలు వాసన ముక్కుకి తగిలితే చాలు, బానెట్ ఎత్తకుండానే లోపల ఏం పోయిందో చెప్పగలను. పదేళ్లకే నాకీ విద్య పట్టుబడింది. విశాఖపట్నంలో పేరున్న మేస్త్రీలు సైతం ఏ ఇంజినైనా అంతుపట్టకపోతే నన్ను పిలిపించి, దాని మీద స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి నా చెవికి పెట్టి, "ఏటి సెప్తంది దావీదూ?" అని అడిగేవాళ్లు. అలాంటి నన్ను మొన్న సీతమ్మధారలో ఒక సర్వీస్ సెంటర్‌లో, చల్లటి గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, గోళ్లలో చుక్క నూనె లేని ఒక కుర్రాడు టాబ్లెట్‌లోకి చూసుకుంటూ, "ఇంజిన్ మొత్తం మార్చాలి అంకుల్, రిపేరు చెయ్యం" అన్నాడు.

చెయ్యలేం అనలేదు, గమనించండి. చెయ్యం అన్నాడు. విప్పి చూశావా అంటే, విప్పక్కర్లేదట. జ్వరమని వెళ్తే నాడి పట్టుకోకుండానే శవపేటికకి కొలతలు తీసినట్టుంది. వానలో రైలు వంతెన కింద నా కారు కాసిని నీళ్లు మింగినంత మాత్రాన, పన్నెండేళ్లు నన్ను మోసిన ఇంజిన్ని తుక్కు కింద పారేస్తారా? ఆ పక్క వీధిలోనే ఉండే మా రూతక్క నాకు తోడుగా వచ్చి కూర్చుంది. ఆమె వద్దని మోచేత్తో పొడుస్తున్నా వినకుండా, గదిలో అందరికీ వినబడేలా అప్పన్న మేస్త్రి సంగతి ఎత్తుకున్నాను.

మా నాన్న ఒక షావుకారు తాలూకు అద్దె కారు నడిపేవాడు. నల్లటి పాత కారు. అందులో తల పెడితే రెగ్జిన్ సీట్ల వాసన, పెళ్లివారు వదిలేసిన మల్లెపూల వాసన, ఆనందపురం నుంచి ఎక్కిన రైతుల వంకాయ బుట్టల పచ్చి వాసన, అన్నీ కలిసి తగిలేవి. సాయంత్రానికి హార్బరు వైపు నుంచి వచ్చే ఎర్ర దుమ్ము దాని ఒంటి నిండా పట్టేది. డిసెంబరు వచ్చిందంటే పొద్దున్న కొండ కనబడనంత మంచు, గుమ్మానికి రంగు కాగితాల నక్షత్రం, వంటింట్లో అమ్మ ఇనుప అచ్చుని పిండిలో ముంచి కాగే నూనెలోకి దించుతుంటే పువ్వుల్లా విడివడి తేలే గులాబీలు, ఆ నూనె వాసనకి చదువూ గిదువూ మరిచి తిరిగే నేను. ఇంట్లో నాకున్న ఉద్యోగం ఒక్కటే. పొద్దున్నే కారు రేడియేటర్లో నీళ్లు పొయ్యడం.

అప్పన్న మేస్త్రిది ఎలమంచిలి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. విశాఖపట్నం వచ్చి కార్ల రిపేరు షెడ్డు పెట్టినా చేతులు పశువుల్ని నిమిరిన చేతులే. చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, నేల మీద పాత పంచె పరిచి, ఇంజిన్లోంచి తీసిన ఒక్కొక్క ముక్కనీ తుడిచి, సుద్దతో అంకె వేసి వరసగా పేర్చేవాడు. ఇంజిన్లో ఏ గదిలోంచి వచ్చిన ముక్క ఆ గదిలోకే వెళ్లాలి. ఆ పంచె దాటి ఎవరైనా కాలు వేశారో, వాళ్ల తాతల దాకా తిట్టేవాడు.

పండక్కి పది రోజులుందనగా, ఆనందపురం రోడ్డులో కారు ఆవిరి కక్కి, పట్టేసి ఆగిపోయింది. లారీ వెనక తాడుతో కట్టించి తెచ్చాడు నాన్న. పండగలోపు బండి కదలకపోతే తాళాలు ఇంకొకడికి ఇస్తానని షావుకారు కబురంపాడు. ఆ తాళాలు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. ఇంజిన్ మార్చెయ్యమని షెడ్డులో తలా ఒక మాట. మేస్త్రి మాత్రం, "ఊపిరుందో నేదో సూడకుండా పారేత్తామేటి బావా? ఉండు, ఇప్పనీ" అన్నాడు.

ఇక్కడ నిజం చెప్పాలి. నా చెవికి స్క్రూడ్రైవర్ పెట్టింది జీవితంలో ఆ ఒక్కసారే, అదీ సరదాకి. పట్టేసిన ఇంజిన్లో చప్పుడేముంటుంది? "ఏటి సెప్తంది దావీదూ?" అని మేస్త్రి నవ్వాడు. నాకు మాత్రం స్పష్టంగా వినబడింది: వీడు నీళ్లు పొయ్యలేదు, గోళీలాటకి పోయాడు, తండ్రి అడిగితే పోశానని అబద్ధమాడాడు అని. బావురుమని అంతా చెప్పేశాను.

నాన్న కొట్టలేదు. మర్నాడు నన్ను ఎలమంచిలి చిన్నమ్మ ఇంటికి పంపేశాడు. పండగ రెండు రోజులుందనగా తిరిగొచ్చేసరికి కారు వీధిలో గుర్రుమంటోంది. నాన్న బానెట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడి తనే నా చెవికి పెట్టి, "అదే ఇంజినురా. బతికింది" అన్నాడు.

ఆ మాట మీదే ఇన్నేళ్లూ బతికాను. ఫ్యాను గానీ, రేడియో గానీ, గొడుగు గానీ విప్పి చూడకుండా పారేసిన పాపాన పోలేదు. ఇప్పుడా షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టుంది. అక్కడా ఇదే పాట, కొత్తది కొనుక్కోండి అని. పంచె పరిచేవాడు లేడు, సుద్దముక్క లేదు. "మనిషన్నవాడు ముందు విప్పి చూస్తాడయ్యా!" అని బల్ల గుద్దాను. నేను నీళ్లు పొయ్యని సంగతి ఆ కుర్రాడికి చెప్పలేదనుకోండి.

అక్క అంతదాకా చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని విన్నది.

"అదే ఇంజినేటిరా నీ మొకం! మేస్త్రి మూడ్రోజులు ఇప్పి సూసి, ఇది సచ్చిపోనాది బావా అన్నాడు. షెడ్డు ఎనకాల పడున్న పాత కారులోది పీకి ఎట్టినాడు. నాన్నకి కేరేజీ అట్టుకెల్లి నా కల్లతో సూసినాను. నీ తమ్ముడు జల్మంతా ఏడుస్తాడు, ఆడికి సెప్పకే అని నాన్న నా సేత ఒట్టేయించుకున్నాడు."

అక్క ఆ కుర్రాడి చేతిలోంచి ఇంజిన్ మార్చడానికి ఒప్పుకునే కాగితం లాక్కుని నా ముందు పెట్టింది.

"అప్పుడు నీల్లు పొయ్యక సంపినావు, ఇప్పుడు నీల్లల్లో దింపి సంపినావు. సంతకం ఎట్టు."