రాణి కూర్చున్న రోజు

ఆరేళ్లుగా ఒక మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. ఇరవై ఎనిమిదేళ్లు పటాలంలో చేసినవాణ్ణి. తూటాలకే బెదరలేదని జగ్గయ్యపేటలో మీసం తిప్పుకుని తిరిగినవాణ్ణి. ఈ ఒక్క మాటకి మాత్రం వణుకుతూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే ముందు మీకు చెబుతున్నట్టు ఈ కాగితం మీద రాస్తున్నాను.

రిటైరై వచ్చాక పోలీసులు పిలిచారు. చిల్లకల్లు దగ్గర హైవే మీద గంజాయి లారీలు పట్టే బృందాన్ని నడిపించమన్నారు. అదంతా నా ముక్కు మహిమ. మిరపకాయ బస్తాల అడుగున గంజాయి దాచేవాళ్లు. ఆ ఘాటులో ఎవరికీ వాసన తెలియదని వాళ్ల ధీమా. నేను ఒక బస్తా కుట్టు విప్పి ముక్కు పెట్టి చెప్పేసేవాణ్ణి.

మాతో రాణి అనే పోలీసు కుక్క ఉండేది. దాన్ని చూసుకునేవాడు ప్రసాదు, నందిగామ కానిస్టేబుల్. నన్ను బాబాయ్ అని పిలిచేవాడు. రాణి మొరిగే రకం కాదు. వాసన తగిలితే లారీ పక్కన కదలకుండా కూర్చుంటుంది. అదే దాని సైగ.

ఆరేళ్ల కిందట నాకు జ్వరం వచ్చి తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. కూర మాడిపోయిందని మా ఆవిడ వంటింట్లో తల బాదుకుంటుంటే, నేను పక్కనే పేపరు చదువుకుంటున్నాను. అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు, ఆవిడకి కూడా. చెబితే ఏమవుతుంది? శాలువా కప్పి ఇంటికి పంపుతారు. ఇంట్లో కూర్చుని నేనేం చేయాలి, వంకాయలు తరగనా?

ఒక మధ్యాహ్నం మిరప లారీ పక్కన రాణి కూర్చుంది. నేను పైకెక్కి బస్తా విప్పాను. కళ్లు మండాయి, తుమ్ములొచ్చాయి, వాసన మాత్రం లేదు. కింద అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. ఉందని చెప్పి తీరా దొరక్కపోతే నా ముక్కు సంగతి బయటపడుతుంది. ఏం లేదు, పోనీయండి అన్నాను.

మర్నాడు ఆ లారీ వేరే జిల్లాలో దొరికింది, అడుగున గంజాయితో. మా దగ్గర ఎలా వదిలేశారని విచారణ పెట్టారు. రాణి కూర్చుందండీ అన్నాడు ప్రసాదు. నేను అడ్డొచ్చాను. అది సైగ కాదు, ఎండకి కూలబడింది, దాని పని అయిపోయింది అన్నాను. ఇద్దరిలో ఎవరి మాట నమ్ముతారు? రాణిని పనికిరాదని తీసేశారు. ప్రసాదుని బందోబస్తులకి వేశారు.

బయటికొచ్చాక నిలదీస్తాడనుకున్నాను. చొక్కా పట్టుకున్నా బాగుండేది.

"నేనే సరిగ్గా చూళ్లేదేమో బాబాయ్," అన్నాడు. "మీకంటే నాకు తెలుసా ఏంటి."

"పోనీలేరా. దానికీ వయసైపోయింది."

"దాన్ని నాకిప్పిస్తారా? మీరు చెప్తే ఇస్తారు. ఇంటికి తీసుకెళ్లిపోతా."

ఇప్పించాను. అందుకు నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఛీ, నా బతుకు! వాడి కళ్లని వాడే నమ్మకుండా చేసిన చేతులు అవి.

తర్వాత నందిగామ వెళ్లినప్పుడల్లా రాణికి ఉడకబెట్టిన గుడ్లు తీసుకెళ్లేవాణ్ణి. గేటు చప్పుడుకే పరుగెత్తుకొచ్చి నా ఒళ్లో తల పెట్టేది. పిచ్చిముండ, దానికి నా మీద కోపమెందుకు లేదు? దాని చెవులు నిమురుతూ ఎన్నోసార్లు చెప్పబోయాను. ఈలోగా ప్రసాదు టీ పట్టుకొచ్చేవాడు. నేను టీ తాగి వచ్చేసేవాణ్ణి.

మొన్న రాణి పోయింది. వాళ్ల పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టాం. మట్టి కప్పుతూ ప్రసాదు, పాపం చివర్లో పని సరిగ్గా చేయలేకపోయింది గానీ మంచిది బాబాయ్ అన్నాడు. నేను ఇంకో పార మట్టి వేశాను. అప్పుడైనా చెప్పానా? లేదు.

రేపు ఈ కాగితం తీసుకెళ్లి వాడి చేతిలో పెడతాను. క్షమించమని అడగను, అడిగే మొహం నాకు లేదు. గేటు వేసేసినా సరే. ఇంతకాలం రాయలేని మాట ఇప్పుడు రాస్తున్నాను.

ప్రసాదూ, నీ కళ్లు సరిగ్గానే చూశాయిరా. వాసన పోయింది నాకు. ఆ రోజు రాణి కూలబడలేదు. కూర్చుంది.