తొమ్మిది ముళ్ల తాడు

ఈ ప్రయాణం చేసినప్పుడు నాకు అక్షరం రాదు. స్టేషన్ల పేర్లు కూడా పక్కవాళ్లను అడిగి తెలుసుకున్నాను. నలభై దాటాక పలక పట్టాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఎదగని బిడ్డను చంకనేసుకుని తిరిగే తల్లులెవరైనా చదివితే దారి తెలుస్తుందని ఆశ.

మాది హనుమంతునిపాడు పక్క పల్లె. గొర్రెలే మా బతుకు. నా కూతురు అంకమ్మ మొదట్లో అందరి పిల్లల్లాగే పెరిగింది, మాటలు నేర్చింది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. ముఖం ఉబ్బింది, ఒళ్లు పొడిబారింది, ఎప్పుడూ మగతే. ఎదగని పిల్లల మీద పరిశోధన చేసే మద్రాసు డాక్టరమ్మ గిద్దలూరు బంగళాలో నాలుగు రోజులు ఉంటుందని కనిగిరి సంతలో విన్నాం. అప్పటికే రెండు రోజులు అయిపోయాయి. మా ఆయన మందతో నల్లమల వైపు పోయి ఉన్నాడు. ఆడబిడ్డ వెంగమ్మను తోడు తీసుకుని బయలుదేరాను.

నాలుగో రోజు తెల్లవారుజామున కనిగిరిలో బస్సెక్కాం. మూటలో జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డలు. పొదిలి మీదుగా మార్కాపురం చేరేసరికి బారెడు పొద్దెక్కింది. స్టేషను ఊరికి దూరం, జట్కా మాట్లాడుకోవాలి. పదకొండు గంటల బండికి మూడో తరగతి టికెట్లు తీసుకున్నాం. రైలెక్కడం నాకదే మొదలు. కిటికీ వదల్లేదు. కంభం దాటాక కొండలు దగ్గరికొస్తుంటే, మగతలో ఉన్న అంకమ్మను లేపి మరీ చూపించాను.

ఎదుటి బల్ల మీది ముసలాయన నవ్వాడు. "ఏందమ్మా, చంటిదానికి అప్పుడే జడ అల్లినావు?"

"చంటిది కాదు తాతా, తొమ్మిదేండ్లు."

ఆయన వేయించిన శనక్కాయలు తీసి దాని ఒళ్లో పోశాడు.

రెండు గంటలకు బంగళా చేరాం. డాక్టరమ్మ అంకమ్మ ఎత్తు కొలిచింది, మెడ తడిమింది, వయసు అడిగింది. చెప్పగానే కలం ఆపింది.

"మందుంది గానీ, ఏడేళ్లు దాటినవాళ్లను ఈసారి తీసుకోవడం లేదమ్మా. చిన్నవాళ్లలో ఎంత ఎదుగుదల వస్తుందో ముందు చూడాలి."

ఆమె తొమ్మిదని ఎలా లెక్కపెట్టావని అడిగితే, కొంగున కట్టిన తాడు తీసి చూపించాను. మాలో ఆడపిల్ల పుడితే దాని పేరున ఒక గొర్రెను వదులుతారు. అది ఈనినప్పుడల్లా తాడుకు ఒక ముడి వేస్తాం. అంకమ్మ పుట్టిన వారంలోనే దాని గొర్రె ఈనింది, అది మొదటి ముడి. ముడికి ఒక ఏడాదని చెప్పడం నాకు అలవాటైపోయింది.

"గొర్రె ఏడాదికోసారే ఈనుతుందా?" అంది డాక్టరమ్మ.

"ఏడాదికొకటి యాడిదమ్మా," అంది వెంగమ్మ. "మేత బాగుంటే రెండేండ్లకు మూడు ఈతలు. దీని గొర్రె ఒక్కటీ తప్పలే." అంటూనే నా వైపు తిరిగింది. "వదినా, మందలో పెరిగినదానివి, నీకెట్ల తట్టలేదు?"

"నీకు తట్టిందా?"

డాక్టరమ్మ ముళ్ల మీద వేలు జరుపుతూ లెక్కగట్టింది. "ఆరు కూడా నిండలేదు," అని మళ్లీ కలం పట్టింది.

మెడలో ఒక గ్రంథి ఉంటుందట. దాని రసం నెత్తుటిలో కలిస్తేనే ఎముక పెరుగుతుందట. అంకమ్మకు ఆ రసం చాలడం లేదు. ఇచ్చిన మాత్రలు గొర్రె మెడలోని గ్రంథితో చేసినవని చెప్పగానే వెంగమ్మ ముక్కున వేలేసుకుంది.

"మందను ఇంట్లో పెట్టుకొని ఇంత దూరం వచ్చినామా వదినా?"

"మీరు కోసి పెట్టకండి," అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "ఎక్కువైతే గుండె దడ. రోజుకు ఒక్క మాత్ర, పరగడుపున. మూడు నెలలకు మళ్లీ వచ్చి కొలుస్తాను."

సాయంత్రం బండిలో తిరిగి వస్తుంటే దారి సగమైనట్టు అనిపించింది. రైలు, కొండలు అన్నీ కొత్తే. అయినా నాకు బాగా గుర్తున్నది ముళ్ల మీద జరిగిన ఆ వేలు. తర్వాత్తర్వాత నా చేత పలక పట్టించినది, ఎదిగి బడికి పోయి మూడో తరగతి పాసైన ఈ అంకమ్మే.

ఆ రాత్రి మార్కాపురం సత్రంలో పడుకున్నాం. మర్నాడు పొద్దున్నే అంకమ్మ ముఖం కడిగి మొదటి మాత్ర మింగించాను. తర్వాత తాడుకున్న తొమ్మిది ముళ్లూ విప్పాను. పిల్లను గోడకానించి నిలబెట్టి, మడమ నుంచి నడినెత్తి దాకా తాడు పట్టి, అక్కడ ఒక్క ముడి వేశాను.