స్వరూప గీసిన వంటగది

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పొడవైనదేమీ కాదు, ఒక్క వాక్యం. ఇంగ్లీషులో రాసి, సంతకం చేసి, స్టాంపు అంటించి పోస్టులో వేసిన వాక్యం. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నన్ను తొలిచేది భయం కాదు. ఆశ్చర్యం. ఎవరూ అడగని దాని కోసం అంత అబద్ధం ఎందుకాడాను? ఎన్నిసార్లు వేసుకున్నానో ఈ ప్రశ్న.

మాది గుంటూరు దగ్గర. తొంభై తొమ్మిదిలో మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఇంగ్లండులోని స్టీవెనేజ్ వచ్చాం. ఆ ఏడాదే అక్కడి కాలేజీలో ఇంటీరియర్ డిజైన్ సాయంత్రం క్లాసుల్లో చేరాను. మొదటి రోజే మా టీచర్ మార్గరెట్ ఒక సంగతి చెప్పింది. ఈ దేశంలో ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలంటే చట్టప్రకారం రిజిస్టరులో పేరుండాలి. ఇంటీరియర్ డిజైనర్‌కు అలాంటిదేమీ లేదు. రేపు పొద్దున్నే మీరంతా కార్డులు అచ్చు వేయించుకోవచ్చు, ఎవరూ అడ్డుకోరు అంది. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎవరైనా కావచ్చంటే, అయ్యి ఏం లాభం అనిపించింది.

నా పక్కన కూర్చునేది స్వరూప. వరంగల్ మనిషి. నాకంటే ఐదేళ్లు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. ఇంగ్లీషు మాట్లాడాలంటే తడబడేది. పెన్సిల్ పడితే మాత్రం తడబాటుండేది కాదు. కోర్సు అయిపోయాక ఇద్దరం కలిసి లండన్‌లో హౌన్స్‌లో అనే పేటలో ఉండే పద్మావతి ఆంటీ వంటగది పని ఒప్పుకున్నాం. కలిసి అన్నాను కదా, ఆ మాట దగ్గర ఆగాలి. పని తెచ్చింది నేను. బిల్డర్‌తో మాట్లాడింది, మునిసిపల్ కౌన్సిల్‌కు ఫోన్లు చేసింది నేను. వంటగదిని ఊహించింది, కొలిచింది, గీసింది స్వరూప.

ఆంటీకి చూపు మందగిస్తోంది. ఎదురుగా ఉన్నది మసక, పక్కన ఉన్నది కాస్త నయం. నేనైతే నాలుగు పెద్ద లైట్లు పెట్టించి వచ్చేసేదాన్ని. స్వరూప రెండు శనివారాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ వంటింట్లో ఒక స్టూలు మీద కూర్చుంది. ఆంటీ చెయ్యి ఎక్కడ తడుముతుందో, కప్పు నిండిందని చెవితో ఎలా కనుక్కుంటుందో, వేడి గిన్నెను గట్టు అంచు మీద సగం బయటికి ఎన్నిసార్లు పెడుతుందో నోటుబుక్కులో రాసుకుంది. తర్వాత గట్టుకు ముదురు బూడిద రంగు వేయించి, అంచు పొడవునా లేత రంగు చెక్కపట్టీ కొంచెం ఎత్తుగా పెట్టించింది. అరచేతికి తగలాలి, కంటికి కనపడాలి. ఆఖరికి పోపుల డబ్బాలో గిన్నెలు కూడా మార్చింది. ఆవాలకు తెల్ల గిన్నె, మినప్పప్పుకు నల్ల గిన్నె. ఆంటీ మొదటిసారి తనంతట తానే పోపు పెట్టుకున్న రోజు మా ఇద్దరికీ పులిహోర కట్టిచ్చింది.

ఆ తర్వాత వాళ్ల అమ్మకు బాగాలేదని స్వరూప వరంగల్ వెళ్లింది. ఆరు నెలలు రాలేదు. డ్రాయింగుల ఫైలు నా దగ్గరే ఉండిపోయింది.

అప్పుడే డిజైనర్ల సంఘం గురించి తెలిసింది. ప్రభుత్వానిది కాదు, వృత్తిలో ఉన్నవాళ్లు పెట్టుకున్నది. మనం చేసిన పనులు చూపించి, ఇంటర్వ్యూలో నెగ్గితే పేరు వెనక డిగ్రీలాగా నాలుగు అక్షరాలు పెట్టుకోనిస్తారు. ఆ అక్షరాలు నాకు కావాలి. ఎంతగా కావాలో చెబితే మీరు నవ్వుతారు. స్టీవెనేజ్‌లో తెలుగువాళ్లు కలిసినప్పుడల్లా ఒకావిడ డాక్టరు, ఒకావిడ ఇంజనీరు. నా వంతు వచ్చేసరికి మా ఆయన, "మా ఆవిడ ఇళ్లు అలంకరిస్తుంటుంది" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. కానీ నాకు ఆ క్షణం ఎక్కడికైనా పారిపోవాలనిపించేది.

నేను సొంతంగా చేసినవి రెండు ఫ్లాట్లు. చూడముచ్చటగా ఉంటాయి, అంతే. వాటితో నెగ్గనని నాకే తెలుసు. అందుకని పద్మావతి ఆంటీ వంటగది డ్రాయింగులు పెట్టాను. ఇది పూర్తిగా నా సొంత పని అని ఉన్న చోట సంతకం చేశాను. ఇంటర్వ్యూలో ఆ ఆలోచన ఎలా వచ్చిందని అడిగారు. "రెండు శనివారాలు ఆవిడ పక్కనే కూర్చున్నాను" అన్నాను. వింత ఏమిటంటే, ఆ మాట అంటున్నప్పుడు నేను ఎన్నడూ కూర్చోని ఆ స్టూలు గట్టిదనం నాకు నిజంగా తెలిసింది. అబద్ధం ముందు ఎదుటివాళ్లను నమ్మిస్తుందా, చెప్పేవాళ్లనా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

అక్షరాలు వచ్చాయి.

ఇక్కడితో ఆగినా బాగుండేది. స్వరూప తిరిగొచ్చి, నా దగ్గరున్న ఫైలు తీసుకుని, మరుసటి ఏడాది తనూ అప్లికేషన్ పెట్టింది. అదే వంటగదితో. ఇంకేం పెడుతుంది? సంఘం వాళ్లు ఇద్దరికీ ఉత్తరాలు రాశారు. ఈ పని ఇదివరకే వేరొకరి పేరుతో మా ముందుకు వచ్చింది, ఇది ఎవరిదో వివరించండి అని. ఏడేళ్లుగా మోస్తున్నానని మొదట్లో చెప్పిన వాక్యం అప్పుడు రాసిందే. "కొలతలు తీయడంలో, డ్రాయింగుల్లో ఆమె నాకు సాయపడింది." అంతే. సాయపడింది. దాన్ని నాలుగుసార్లు మార్చి మార్చి రాశాను. అంటే ఆలోచించి చేసినదే. పొరపాటున జారిన మాట కాదు.

తనే గీశానని స్వరూప జవాబు రాసింది, అయినా తిరస్కరించారు. నా పేరు మొదటిసారి బయటపెట్టిన ఆ ఉత్తరం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"నువ్వు గా కిచెన్ పెట్టినవా?"

"ఇద్దరి పేర్లూ రాశానక్కా. వాళ్లే ఏదో పొరపాటు పడ్డట్టున్నారు."

ఉత్తరం ఇంకోసారి చదివింది. "ఆఫీసులన్నీ గిట్లనే ఉంటయి" అని మడిచి సంచిలో పెట్టుకుంది. నమ్మింది. నేను టీ పెట్టాను. తాగి వెళ్లింది.

మళ్లీ అప్లికేషన్ పెట్టలేదు. కేంబ్రిడ్జ్‌లో ఒక ఫర్నిచర్ షోరూంలో చేరింది. కంప్యూటర్ మీద రెడీమేడ్ అలమారలను వరసగా అమర్చి చూపించే పని. ఎక్కడా స్టూలేసుకుని కూర్చోనవసరం లేని పని. నేను ఆమెకు ఫోన్లు తగ్గించాను. నా పనులు పెరిగాయి. ఆ అక్షరాల వల్ల కాదు. ఇన్నేళ్లలో ఒక్క కస్టమరూ వాటి గురించి అడగలేదు. హౌన్స్‌లోలోనే ఇంకో ఆంటీ నా కార్డు చూసి, "ఇది మీ ఇంటిపేరామ్మా?" అంది.

పోయిన నెల సంఘం మీటింగు జరిగింది. ఇంటీరియర్ డిజైనర్ అనే పేరును కూడా ప్రభుత్వం చట్టం కిందికి తేవాలా, సర్టిఫికెట్ లేనివాళ్లను ఆపాలా అన్నది చర్చ. నేను లేచి నిలబడి తేవాలన్నాను. జనాన్ని కాపాడాలన్నాను. అర్హత లేకుండా ఉన్నట్టు చెప్పుకునేవాళ్లు ఉంటారన్నాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు వెనక వరసలో ఒకాయన చాలా మర్యాదగా అడిగాడు: "అలా చెప్పుకున్నవాళ్ల వల్ల నష్టపోయిన మనిషి ఎవరైనా మీకు స్వయంగా తెలుసా?"

తెలియదన్నాను.

కూర్చున్నాను గానీ ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క వినపడలేదు. ఆ ప్రశ్నలో నిష్ఠూరం లేదు, తెలుసుకోవాలన్న కుతూహలమే. నేరుగా నిందించి ఉంటే తప్పించుకునేదాన్నేమో.

ఆ ఆదివారం స్వరూపకు ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలేవీ లేకుండా అంతా చెప్పేశాను. సంతకం, ఇంటర్వ్యూ, ఉత్తరంలో రాసిన వాక్యం. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని కూడా భయపడ్డాను. రెండూ జరగలేదు. ఒకటే అడిగింది.

"వాళ్లేమన్నరు?"

"ఎవరక్కా?"

"ఇంటర్వ్యూల. గా కిచెన్ జూసి ఏమన్నరు? ఒక్కటి గూడ ఇడ్వకుంట చెప్పు."

చెప్పాను. ముగ్గురు కూర్చున్నారని, మధ్యలో ఉన్న పెద్దావిడ కళ్లజోడు తీసి డ్రాయింగుకు మొహం ఆనించేంత దగ్గరగా పెట్టుకుని చూసిందని, గట్టు అంచు గీసిన చోట వేలితో నిమిరిందని చెప్పాను. "ఇంత ఓపికగా ఇంకొక మనిషిని గమనించినవాళ్లను నేను చూడలేదు" అందని, "మా అమ్మకు ఇలాంటి వంటగది ఉంటే బాగుండేది" అందని చెప్పాను.

"ఇంగ్లీషుల ఎట్లన్నది? అట్లనే చెప్పు."

ఇంగ్లీషులో చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాను. చివరికి "సరే" అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత నేను చేసిన ఫోన్లు ఎత్తలేదు. సంఘానికి జరిగింది జరిగినట్టు రాసి, సభ్యత్వం వదులుకున్నాను. అందింది అని రెండు లైన్ల జవాబు వచ్చింది. స్వరూపకు వాళ్లేమైనా రాశారో లేదో తెలియదు. ఆమె మళ్లీ పెన్సిల్ పట్టిందో లేదో తెలియదు. నన్ను క్షమించమని అడగలేదు. అడిగే హక్కు ఉందో లేదో అదీ తెలియదు.

మా ఆయనకు ఇంకా చెప్పలేదు. ఈ కాగితాలు పూర్తయ్యాక మీకన్నా ముందు ఆయన చేతికే ఇస్తాను. ఆయన ఏమంటాడోనన్న దిగులు ఉంది. అయినా ఇంత సేపూ రాస్తుంటే ఒక్కసారి కూడా వాక్యాన్ని మార్చి రాయవలసిన అవసరం రాలేదు.